వారాంతపు కారు ప్రయాణం: రెండు దారుల్లో ఏది ఎంచుకోవాలి, అలసిపోకుండా ఎలా తిరిగి రావాలి

"శనివారం వెళ్లి ఆదివారం వచ్చేయాలి. రెండు దారులున్నాయి. ఏది మంచిది?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్క లేదు. నేను తిరిగి అడిగేది ఒకటే: "సోమవారం ఉదయం ఎన్నింటికి లేవాలి?" దారి గురించి అడిగితే నిద్ర గురించి మాట్లాడుతున్నానేమిటని చాలామంది అయోమయంగా చూస్తారు.

ఒక ఆదివారం రాత్రి, ఇరవై నిమిషాలు కలిసొస్తాయని డివైడర్ లేని దారి పట్టాను. లెక్క తప్పలేదు, ఇరవై నిమిషాల ముందే ఇంటి ముందు కారు ఆపాను. కానీ ఇంజన్ కట్టేశాక తలుపు తీసే ఓపిక లేక, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని పావుగంట అలాగే కూర్చుండిపోయాను. ఆఖరి పది కిలోమీటర్లలో ఏ మలుపు ఎక్కడ తిరిగానో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. అప్పటి నుంచి దారులను గంటల్లో కొలవడం తగ్గించి, దిగేసరికి మనిషి ఎలా ఉంటాడన్నదానితో కొలవడం మొదలుపెట్టాను.

ఇక్కడ చెప్పేదంతా ఒక కారు, ఒకరో ఇద్దరో నడిపేవాళ్లు, ఒకవైపు మూడు నుంచి ఆరు గంటల దూరం, రెండు రోజుల ప్రయాణం గురించి.

1. ఆదివారం రాత్రి నుంచి వెనక్కి లెక్కపెట్టండి

అందరూ శనివారం ఉదయం నుంచి లెక్క మొదలుపెడతారు. అప్పుడు ఒంట్లో ఓపిక ఉంటుంది, ఏ దారైనా బాగానే కనిపిస్తుంది. ప్రయాణాన్ని కష్టపెట్టేది తిరుగుదారి. కాబట్టి కాగితం తీసుకుని కింది నుంచి పైకి రాయండి.

1. ఆదివారం రాత్రి పడుకోవాల్సిన సమయం రాయండి. 10:30 అనుకుందాం.
2. అందులోంచి రెండు గంటలు తీసేయండి. సామాను దించడం, స్నానం, భోజనం ఉంటాయి కదా. అంటే 8:30కి ఇల్లు చేరాలి.
3. మ్యాప్ చూపించే ప్రయాణ సమయం తీసేయండి. 5 గంటలైతే 3:30.
4. విరామాలకు 45 నిమిషాలు తీసేయండి. 2:45.
5. ట్రాఫిక్, పంక్చర్, ఇంధనం వంటి వాటికి అరగంట. 2:15.

ఆదివారం మధ్యాహ్నం 2:15కి బయలుదేరాలన్నమాట. ఇక్కడే చిక్కు ఉంది. మన శరీర గడియారం రోజుకు రెండుసార్లు మందగిస్తుంది: అర్ధరాత్రి దాటాక సుమారు 2 నుంచి 6 గంటల మధ్య, మళ్లీ మధ్యాహ్నం సుమారు 2 నుంచి 4 మధ్య. కడుపునిండా తిని సరిగ్గా ఆ వేళకే స్టీరింగ్ పట్టుకుంటే మొదటి గంటలోనే కళ్లు బరువెక్కుతాయి.

అందుకే నేను 2:15 అని తేలితే 11:30కి బయలుదేరతాను. రెండున్నర గంటలు గడిచేసరికి మధ్యాహ్నం రెండు అవుతుంది. మగత వచ్చే వేళకు కారు ఆగి ఉంటుంది, పెద్ద విరామం అక్కడే. సాయంత్రం ఆరు లోపు ఇల్లు. "ఆదివారం మధ్యాహ్నం వృథా అయింది" అని వెంట వచ్చినవాళ్లు సణుగుతారు. సణగనివ్వండి. సోమవారం ఉదయం వాళ్లే మెచ్చుకుంటారు.

ఇంకో లెక్క కూడా చాలామంది మరిచిపోతారు. చేరిన చోట చుట్టుపక్కల తిరిగేది కూడా డ్రైవింగే. వెళ్లేటప్పుడు 5 గంటలు, అక్కడ 2 గంటలు, వచ్చేటప్పుడు 5 గంటలు అంటే రెండు రోజుల్లో 12 గంటలు. అదే వృత్తిగా బతికే లారీ, బస్సు డ్రైవర్లకు కూడా యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి, మామూలుగా రోజుకు 9 గంటలకు మించి నడపకూడదు. వారానికి ఒకసారి దూరం వెళ్లే మనం వాళ్లకన్నా గట్టివాళ్లం అనుకోవడానికి కారణమేమీ లేదు. నడిపేది ఒక్కరే అయితే ఒకవైపు 5 గంటలు దాటే చోటును నేను రెండు రోజుల ప్రయాణానికి పెట్టుకోను. మూడు రోజుల సెలవు దొరికేదాకా ఆగుతాను.

2. రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూడండి

మ్యాప్ చూడటంలో మొదటి తప్పు మంగళవారం రాత్రి సోఫాలో కూర్చుని చూడటం. అప్పుడు కనిపించేది ఆ క్షణంలోని ట్రాఫిక్. యాప్‌లో బయలుదేరే రోజూ సమయమూ మార్చి చూడండి, వెళ్లేటప్పటికి ఒకసారి, వచ్చేటప్పటికి ఒకసారి. యాప్ ఒక్క అంకె కాకుండా "4 గంటల 40 నిమిషాల నుంచి 6 గంటలు" అన్నట్టు చూపిస్తే పెద్ద అంకెనే తీసుకోండి. మీరు ఆగే సమయం దేనిలోనూ కలవదని గుర్తుంచుకోండి.

తరువాత ఒక చిన్న భాగహారం చేయండి. దూరాన్ని సమయంతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. ఆ అంకె దారి స్వభావాన్ని బయటపెట్టేస్తుంది. గంటకు 75 కి.మీ. పైన ఉంటే చాలావరకు సాఫీగా సాగే హైవే. 60 దగ్గర ఉంటే మధ్యమధ్య ఊళ్లు, కూడళ్లు ఉన్నాయి. 45కి పడిపోయిందంటే కొండ మలుపులో, గుంతలో, భారీ వాహనాల వెనుక పాకడమో ఏదో ఒకటి తప్పదు. దూరం తక్కువ, సగటు వేగం కూడా తక్కువ ఉన్న దారి చేతులకూ కళ్లకూ ఎక్కువ పని పెడుతుంది.

ఇప్పుడు ఉపగ్రహ చిత్రం తెరిచి, ఒక్కో దారి మీదా వేలు జరుపుతూ వెళ్లండి. పావుగంట పడుతుంది. చూడాల్సినవి ఇవి:

- డివైడర్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉంది? మధ్యలో ఎక్కడ తెగిపోతుంది?
- ఊళ్ల మధ్య నుంచి వెళ్తుందా, బైపాస్ ఉందా?
- ఘాట్ రోడ్డు ఎన్ని కిలోమీటర్లు? అది ఏ వేళకు వస్తుంది?
- ఇంధనం, మరుగుదొడ్లు, నీడలో కారు ఆపే చోటు ఎంతెంత దూరంలో ఉన్నాయి?
- మధ్యలో ఇరుక్కుంటే రెండో దారిలోకి మారే అడ్డరోడ్డు ఉందా?

ఐదో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. ఒక ప్రమాదమో రోడ్డు పనులో దారిని మూసేస్తే, తప్పించుకునే మార్గం లేని చోట మూడు గంటలు ఇంజన్ కట్టేసి కూర్చోవాలి.

ఉపగ్రహ చిత్రం పాతది కావచ్చు. తవ్వేసిన రోడ్డు అందులో నున్నగానే కనిపిస్తుంది. గడచిన నెల రోజుల్లో ఆ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క ఫోన్ చేయండి. "దారి ఎలా ఉంది" అని అడిగితే "బాగానే ఉంది" అంటారు. "రాత్రి పూట మళ్లీ అదే దారిలో వెళ్తారా" అని అడగండి. అప్పుడు అసలు సంగతి చెబుతారు.

3. అలసటను నిమిషాల్లోకి మార్చండి

ఇది నా సొంత కొలమానం, శాస్త్రం కాదు. ఎన్నో వారాంతాలు తిరిగి, సరిచేసుకుంటూ వచ్చిన అంకెలు. మీ అనుభవాన్ని బట్టి మార్చుకోండి.

- డివైడర్ ఉన్న రోడ్డు: అదనంగా ఏమీ కలపను.
- డివైడర్ లేని రోడ్డు: గంటకు పగలు 10 నిమిషాలు, రాత్రి 20 నిమిషాలు కలుపుతాను.
- ఘాట్ రోడ్డు: గంటకు పగలు 15, రాత్రి 30 నిమిషాలు కలుపుతాను.

ఉదాహరణకు మొదటి దారి 320 కి.మీ., 5 గంటల 10 నిమిషాలు. అందులో ఒక్క గంట డివైడర్ లేని రోడ్డు. రెండో దారి 270 కి.మీ., 4 గంటల 50 నిమిషాలు. అందులో మూడు గంటలు డివైడర్ లేదు, మరో గంట ఘాట్ రోడ్డు.

మ్యాప్ ప్రకారం రెండో దారి 20 నిమిషాలు తక్కువ, 50 కిలోమీటర్ల ఇంధనం ఆదా. ఇప్పుడు అలసట కలపండి. పగలు మొదటి దారి 5 గంటల 20 నిమిషాలు అవుతుంది, రెండోది 5 గంటల 35 నిమిషాలు. తేడా పావుగంట, కొండల అందం చూడాలనుకుంటే ఆ మాత్రం భరించవచ్చు. రాత్రి మొదటిది 5 గంటల 30 నిమిషాలు, రెండోది 6 గంటల 20 నిమిషాలు. తేడా 50 నిమిషాలు.

ఈ లెక్క వేశాక నాకు తట్టిన విషయం ఒకటుంది. వెళ్లే దారీ వచ్చే దారీ ఒకటే కానక్కర్లేదు. శనివారం పగటి వెలుగులో, తాజా కళ్లతో, ఆగి ఆగి చూస్తూ రెండో దారిలో వెళ్లండి. ఆదివారం ఏ ఆలోచనా పెట్టని మొదటి దారిలో రండి. రెండు దారుల మధ్య తగువు చాలాసార్లు అలా తీరిపోతుంది.

డివైడర్ లేని దారి అంతగా ఎందుకు అలసట పెడుతుందంటే, ప్రతి ఓవర్‌టేకూ ఒక నిర్ణయం. మీరు 80 కి.మీ. వేగంతో ఒక లారీని దాటడానికి 10 సెకన్లు తీసుకున్నారనుకోండి. మీరు దాదాపు 220 మీటర్లు ముందుకు వెళ్తారు. ఎదురుగా అంతే వేగంతో వచ్చే వాహనం కూడా మరో 220 మీటర్లు దగ్గరవుతుంది. అంటే కనీసం 450 మీటర్ల దూరం ఖాళీగా, మలుపు లేకుండా కనిపిస్తేనే దాటాలి. ఈ అంచనాను మెదడు మూడు గంటల్లో యాభైసార్లు వేస్తుంది. దాటకుండా వెనక్కి తగ్గిన సందర్భాలకూ అంతే శ్రమ.

రాత్రి పూట ఇది ఇంకా కష్టం. బ్రిటన్ హైవే కోడ్ ప్రకారం 80 కి.మీ. వేగంలో ఉన్న కారు పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగడానికి 53 మీటర్లు కావాలి. ఎదురు వాహనాల కోసం హై బీమ్ తగ్గించినప్పుడు మీకు స్పష్టంగా కనిపించేది కూడా ఇంచుమించు అంతే. మధ్యలో దీపాల్లేని బండి ఆగి ఉంటే, అది కనిపించిన క్షణమే బ్రేకు పడాలి.

4. బయలుదేరే వేళ

శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి రాత్రికే బయలుదేరితే ఒక రోజు కలిసొస్తుందనే ఆశ అందరికీ ఉంటుంది. ఉదయం 6కి లేచిన మనిషి రాత్రి 11కి 17 గంటలు మెలకువగా ఉన్నట్టు. అంతసేపు నిద్ర లేని వ్యక్తి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న వ్యక్తి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. 24 గంటలైతే 0.10 శాతంతో సమానం. ఒక్క చుక్క తాగకపోయినా అంతే. శుక్రవారం రాత్రి పడుకోండి.

అలాగని శనివారం మూడింటికి అలారం పెట్టుకోవడం కూడా తప్పే. ట్రాఫిక్ తప్పించుకున్నామనుకుంటారు కానీ నిద్రలో మూడు గంటలు కోత పడుతుంది. ఏడు గంటల నిద్ర పూర్తయ్యాక, తెల్లవారే వేళకు బయలుదేరేలా శుక్రవారమే త్వరగా పడుకోండి.

సూర్యుడు ఏ వైపు ఉంటాడో కూడా చూసుకోండి. ఉదయం తూర్పుకు, సాయంత్రం పడమటికి నడిపితే ఎండ నేరుగా కళ్లలో పడుతుంది. పొద్దున తూర్పుకు వెళ్లి సాయంత్రం పడమటికి తిరిగి వచ్చే ప్రయాణమైతే రెండుసార్లూ ఆ బాధ తప్పదు. కనీసం సూర్యాస్తమయానికి ముందు గంటలో విరామం పెట్టుకోండి. అద్దం లోపలివైపు పేరుకున్న పలుచటి జిడ్డు పొర ఆ వేళలోనే తెల్లటి తెరలా మారుతుంది. బయట కడిగేవాళ్లలో లోపల తుడిచేవాళ్లు తక్కువ.

5. కారు సిద్ధం చేయడం

గురువారం సాయంత్రమే చూసుకోండి. శనివారం పొద్దున లోపం కనిపిస్తే బాగు చేయించే సమయం ఉండదు.

- టైర్లలో గాలి: కారు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. నిండా మనుషులు, సామాను ఉన్నప్పుడు ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద విడిగా రాసి ఉంటుంది.
- టైరు గాడి లోతు: చాలా దేశాల్లో చట్టం అనుమతించే కనిష్ఠం 1.6 మి.మీ. వానలో అంతదాకా అరిగినవి నమ్మదగ్గవి కావు.
- స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ స్పానర్. డిక్కీలో సామాను నింపకముందే చూడండి.
- దీపాలన్నీ. బ్రేకు లైట్లకు ఇంకొకరి సాయం కావాలి.
- వైపర్లు, అద్దం కడిగే నీళ్లు.
- కూలెంట్, ఇంజన్ ఆయిల్. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకండి.
- టార్చిలైటు, హెచ్చరిక త్రిభుజం, ప్రథమ చికిత్స పెట్టె.
- రెండు దారుల మ్యాపులూ ఫోనులో డౌన్‌లోడ్. ఫోనుకు సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహాల ద్వారా స్థానం తెలుస్తుంది, కానీ కింద పటం ఉండాలి కదా.

బరువైన సంచులు డిక్కీలో కింద, వెనుక సీటుకు ఆనించి పెట్టండి. వెనుక అద్దం కింది పలక మీద ఏదీ వద్దు. గట్టిగా బ్రేకు వేస్తే అక్కడి నీళ్ల సీసా ముందు సీటు దాకా ఎగిరి వస్తుంది.

6. సీటు సర్దుకోవడం, అద్దం చెప్పే నిజం

నడుము నొప్పికి రోడ్డును తిట్టేవాళ్లలో సగం మందికి సీటు సరిగ్గా ఉండదు. రెండు నిమిషాల పని ఇది.

1. ప్యాంటు వెనుక జేబులో పర్సు, ఫోను తీసేయండి. వాటి మీద కూర్చుంటే నడుము ఒకవైపు ఒరుగుతుంది.
2. నడుము సీటు మూలకు ఆనేలా వెనక్కి జరిగి కూర్చోండి.
3. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సీటు జరపండి. క్లచ్ ఉన్న కారైతే క్లచ్‌తో చూడండి.
4. భుజాలు సీటుకు ఆని ఉండగా చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగానికి తగలాలి.
5. హెడ్‌రెస్ట్ పైఅంచు తల పైభాగం ఎత్తుకు తీసుకురండి.
6. ఇప్పుడు నిటారుగా కూర్చుని లోపలి అద్దం సర్దండి. వెనుక కిటికీ మొత్తం అందులో కనిపించాలి.

ఆరో అంకె వెనుక చిన్న కిటుకు ఉంది. ఉదయం సర్దిన ఆ అద్దాన్ని రోజంతా ముట్టుకోకండి. మూడు గంటల తరువాత అందులో వెనుక కిటికీ కిందిభాగం తెగిపోయినట్టు కనిపిస్తే, అద్దం కదలలేదు, మీరు సీట్లో కుంగిపోయారు. చాలామంది అప్పుడు చేయి పెట్టి అద్దాన్ని కిందికి వంచుతారు. ఒకప్పుడు నేనూ అదే చేసేవాణ్ణి. ఆవలింత రాకముందే వెన్ను అలసిపోయిందని చెప్పే గుర్తు అది. అద్దం వంచాలనిపించిందంటే తరువాత కనిపించే మంచి చోట ఆగండి.

7. దారిలో విరామాలు

ప్రతి రెండు గంటలకూ కనీసం 15 నిమిషాలు. బ్రిటన్ హైవే కోడ్ చెప్పేదీ ఇదే. అలసిపోయాక ఆగుదాం అనుకుంటే ఆగరు, "ఇంకో ఇరవై కిలోమీటర్లు" అంటూ పోతుంటారు. అందుకే ఆగే చోట్లు ఇంట్లోనే మ్యాప్ మీద గుర్తుపెట్టండి. ఒక్కో చోటుకూ ఒక ప్రత్యామ్నాయం కూడా పెట్టుకోండి.

ఆగాక ఫోను చూస్తూ సీట్లోనే కూర్చుంటే అది విరామం కాదు. దిగి ఐదు నిమిషాలు నడవండి. దూరంగా ఉన్న చెట్టునో కొండనో కాసేపు చూస్తే రోడ్డు మీదే నిలిచిపోయిన కళ్లు తేరుకుంటాయి. నీళ్లు తాగండి. మరుగుదొడ్డి అవసరం వస్తుందని నీళ్లు మానేసేవాళ్లకు మధ్యాహ్నానికి తలనొప్పి పట్టుకుంటుంది.

నిద్ర గుర్తులు వేరు, అలసట గుర్తులు వేరు. కాళ్లు పట్టేయడం, చిరాకు, మెడ నొప్పి అలసట. అవి నడకతో పోతాయి. కింద చెప్పినవి నిద్ర గుర్తులు, వీటికి నిద్ర ఒక్కటే మందు:

- గడచిన రెండు మూడు కిలోమీటర్లు గుర్తు లేకపోవడం
- లేను గీత మీదికి జారి ఉలిక్కిపడటం
- ముందు బండికి దగ్గరగా వెళ్లి ఆలస్యంగా బ్రేకు వేయడం
- తల బరువెక్కి వాలడం, రెప్పలు నెమ్మదిగా పడటం

ఈ స్థితిలో మనకు తెలియకుండానే మూడు నాలుగు సెకన్లు కునుకు పడుతుంది. 100 కి.మీ. వేగంలో నాలుగు సెకన్లంటే 111 మీటర్లు, కళ్లు మూసుకుని.

కిటికీ దించడం, పాటలు పెంచడం, ముఖం కడుక్కోవడం కొన్ని నిమిషాలే పనిచేస్తాయి. అవి ఆగే చోటు దాకా చేరడానికి మాత్రమే. సురక్షితమైన చోట ఆపి ఒక కప్పో రెండు కప్పులో కాఫీ తాగి, వెంటనే సీటు వాల్చి 15 నుంచి 20 నిమిషాలు పడుకోండి. కాఫీ పనిచేయడానికి ఇంచుమించు అరగంట పడుతుంది కాబట్టి కునుకు, కాఫీ ఒకదానికొకటి అడ్డు రావు. అలారం పెట్టుకోండి. ముప్పావుగంట పడుకుంటే గాఢ నిద్రలోంచి లేచినందుకు మత్తు ఇంకా పెరుగుతుంది. లేచాక ఐదు నిమిషాలు నడిచి, అప్పుడు స్టీరింగ్ పట్టుకోండి. హైవే పక్కన ఖాళీ జాగాలో ఎక్కడపడితే అక్కడ ఆపి పడుకోవడం మాత్రం వద్దు.

ఏసీ గురించి ఒక మాట. లోపలి గాలే తిరిగేలా బటన్ నొక్కి, నలుగురు కూర్చుని గంటల తరబడి వెళ్తే కారులో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగతగా ఉంటుంది. కాసేపటికోసారి బయటి గాలి లోపలికి రానివ్వండి.

8. పక్క సీటువాళ్ల పని

పక్కన కూర్చున్నవారు నిద్రపోతే నడిపేవారికీ నిద్ర వస్తుంది. మ్యాప్, ఫోన్లు, టోల్ గేటు, తరువాతి విరామం, ఇవన్నీ వాళ్లవి. మలుపు గురించి "ఇక్కడే, ఇక్కడే" అని అరవకుండా, కిలోమీటరు ముందే ఒకసారి, మూడు వందల మీటర్ల ముందు ఇంకోసారి చెప్పాలి.

ఇద్దరు నడిపేవాళ్లుంటే రెండు గంటలకోసారి మారండి, ఓపిక ఉన్నా సరే. మారాక రెండోవారు వెనుక సీట్లో పడుకోవచ్చు, బెల్టు పెట్టుకునే.

ఘాట్ రోడ్డులో కడుపులో తిప్పేవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా చూడమనండి. పుస్తకం, ఫోను వద్దు.

9. మధ్యలో దారి మార్చమంటే

ప్రయాణం మధ్యలో యాప్ "8 నిమిషాలు ఆదా" అంటూ కొత్త దారి చూపిస్తుంది. ఒకసారి ఆ మాట విని, కారు పట్టేంత వెడల్పు మాత్రమే ఉన్న దారిలోకి దిగాను. ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది. దాని వెనుక ఇంకొకటి. వెనక్కి తిప్పే చోటు లేక, కిటికీలోంచి తల బయటపెట్టి మూడు వందల మీటర్లు రివర్స్‌లో వచ్చాను. ఎనిమిది నిమిషాలు ఆదా కావాల్సిన చోట నలభై పోయాయి, మెడ నొప్పి అదనం. ఇప్పుడు ఈ ప్రశ్నలన్నిటికీ అవును అనే జవాబు వస్తేనే మారతాను:

- ఆదా 20 నిమిషాలకు మించి ఉందా?
- కొత్త దారి పెద్ద రోడ్డేనా?
- చీకటి పడేలోపు మళ్లీ హైవే ఎక్కుతామా?
- ట్యాంకులో పావు వంతుకు మించి ఇంధనం ఉందా?

రోడ్డు పూర్తిగా మూసేసినప్పుడు మాత్రం సందేహించకుండా మారిపోండి. ముందే చూసి పెట్టుకున్న అడ్డరోడ్డు అక్కరకు వచ్చేది అప్పుడే.

10. తరచూ జరిగే తప్పులు

ఆలస్యాన్ని వేగంతో పూడ్చాలనుకోవడం. ఇంకా 120 కి.మీ. ఉందనుకుందాం. 100 వేగంతో 72 నిమిషాలు, 110తో సుమారు 65 నిమిషాలు. కలిసొచ్చేది ఏడు నిమిషాలు. అదీ దారి పొడవునా వేగం ఒక్కసారి కూడా తగ్గకపోతేనే. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఇంధనమూ ఎక్కువ, గట్టిగా పట్టుకున్న చేతులకు నొప్పీ ఎక్కువ. ఆలస్యమైతే ఇంటికి ఫోన్ చేసి చెప్పేయండి.

ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచడం. బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది, కాలిన వాసన వస్తుంది. ఎక్కడానికి వాడిన గేరులోనే దిగండి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ కారులో కూడా తక్కువ గేరుకు మార్చే ఏర్పాటు ఉంటుంది. ఇంట్లోనే దాన్ని కనిపెట్టి ఉంచుకోండి. వాసన వస్తే ఆపి, బ్రేకులు చల్లారేదాకా ఆగండి.

మధ్యాహ్నం భారీ భోజనం. సగం తిని, మిగతాది రెండు గంటల తరువాతి విరామానికి ఉంచుకోండి.

11. ఆదివారం కోసం ముందే తీసుకోవాల్సిన నిర్ణయం

అలసిపోయిన మనిషి సరైన నిర్ణయం తీసుకోలేడు. "ఎలాగోలా వెళ్లిపోదాం" అనే మాట ఆ అలసటలోంచే వస్తుంది. కాబట్టి శనివారం ఉదయమే, అందరూ హుషారుగా ఉన్నప్పుడు ఒక గీత గీయండి. మాది ఇది: ఆదివారం రాత్రి ఏడింటికి సగం దారి కూడా కాకపోతే దగ్గర్లో బస చూసుకుని ఆగిపోతాం, సోమవారం తెల్లవారాక బయలుదేరతాం. ఆఫీసుకు ఏం చెప్పాలో కూడా ముందే అనుకుంటాం. ఈ గీత ఇప్పటికి రెండుసార్లు అక్కరకు వచ్చింది.

బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి:

- శనివారం రాత్రి ఏడు గంటల నిద్ర పట్టిందా? లేకపోతే పెద్ద విరామంలో కునుకు తప్పనిసరి.
- ట్యాంకు నిండుగా ఉందా?
- టైర్లు ఒకసారి చుట్టూ తిరిగి చూశారా?
- తిరుగుదారి ట్రాఫిక్ ఇప్పుడు మళ్లీ చూశారా?
- మొదటి ఆగే చోటు ఎక్కడో పక్క సీటువారికి తెలుసా?

ఇంటికి చేరువలో, తెలిసిన రోడ్డు రాగానే శరీరం సడలిపోతుంది. ఆఖరి విరామాన్ని ఇంటికి 40, 50 కిలోమీటర్ల ముందు పెట్టుకోండి. "వచ్చేశాం కదా" అంటారు వెనుక సీట్లోంచి. ఆగండి, పది నిమిషాలు నడవండి, అప్పుడు వెళ్లండి.

ఇల్లు చేరాక ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి తప్ప మిగతా సామాను కారులోనే వదిలేయండి. పడుకునే ముందు మాత్రం ఒక నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకోండి: ఏ దారి, మ్యాప్ ఎంత చెప్పింది, నిజంగా ఎంత పట్టింది, ఎన్ని కిలోమీటర్ల దగ్గర అద్దం వంచాలనిపించింది.